ఏడో కిలోమీటరు దగ్గర ఎర్రజెండా

శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్‌లో, రాజాం బస్సులు ఆగే చోట, గురువారం ఉదయం గిరిబాబు చచ్చిపోయాడు. ఒళ్ళో ఇడ్లీ పొట్లం విప్పి ఉంది. చేతిలో టీ గ్లాసు. రెండు గుక్కలు తాగి తల వాల్చేశాడు. ఎవరూ కేక వెయ్యలేదు. బస్సు కోసం వచ్చి బెంచీ మీద కునుకు తీసేవాళ్ళు అక్కడ ఎప్పుడూ ఓ పదిమంది ఉంటారు. రాజాం బస్సు వచ్చింది, మనుషుల్ని ఎక్కించుకుంది, వెళ్ళిపోయింది.

పైకి గిరిబాబు జీడిపప్పు ఎగుమతి చేసే ఆఫీసులో గుమాస్తా. లోపల ఎక్స్‌టర్నల్ థ్రెట్ సెల్‌కి ఇన్ఫార్మర్. కంటెయినర్ల కాగితాలు తిరగేస్తూ చూడకూడని పేరొకటి చూశాడు. ఆ సంగతి ఎనిమిది గంటలకి ఆ బెంచీ దగ్గరే ఒక పూలమ్మికి చెప్పాల్సి ఉంది.

పూలమ్మి వచ్చేసరికి ఎనిమిదికి పది నిమిషాలు. బుట్టలో కనకాంబరాలు, వాటి కింద కెమెరా, దాని కింద పిస్టల్. పేరు నీలవేణి, కోడ్ నంబర్ ఫోర్టీన్. రాజాం పక్క పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టిన ముప్పై నాలుగేళ్ళ మనిషి. సెల్‌లో పదకొండేళ్ళ సర్వీసు. మారువేషాలు వెయ్యడంలో దిట్ట అని పైవాళ్ళు మెచ్చుకుంటారు గానీ, పూలమ్మి వేషానికి ఆవిడ చేసిందల్లా వాళ్ళ పిన్ని చీర కట్టుకోవడమే.

అప్పటికే శవం పక్కన ధర్మేంద్ర నిలబడి ఉన్నాడు.

ధర్మేంద్రని చూసి తల తిప్పుకోగలిగిన మనిషి సెల్‌లో లేడు, లేదు. లినెన్ సూటు, ఆరు భాషలు, రెండు గజాల ముందే తెలిసిపోయే సెంటు. విదేశీ ముఠాల్లో చొరబడి వాళ్ళ గుట్టు మనకి మోసే డబుల్ ఏజెంట్. ఢిల్లీ అతన్ని కళ్ళలో పెట్టుకు చూసుకునేది. నీలవేణి కూడా అతనితో నాలుగైదుసార్లు కాఫీ తాగింది. కాఫీ బాగానే ఉందని ఒప్పుకునేది కూడా.

“టూ లేట్, నీలా,” అన్నాడు. గిరిబాబు ఫోను చేతికిచ్చాడు. సెల్‌కి వెళ్ళిన ఆఖరి మెసేజ్ తెర మీద ఉంది. *కొత్తవలస. శనివారం రైలు. పట్టాల మీద తిరిగేవాడే వాళ్ళ మనిషి.*

మధ్యాహ్నానికల్లా విశాఖపట్నం కంట్రోల్ రూమ్‌లో బ్రీఫింగ్. చీఫ్ అనంతపద్మనాభం గారిది విజయనగరంలో నాలుగు తరాల సంగీత విద్వాంసుల ఇల్లు. ఆయన దగ్గరికొచ్చేసరికి ఆ విద్యలో మిగిలింది రాగాల పేర్లే. వాటిని కోడ్ వర్డ్స్‌గా వాడుకుంటూ ఉంటారు.

“శనివారం ఉదయం,” గోడ మీది మ్యాపుకి లేజర్ తగిలించారు చీఫ్. “పధ్నాలుగు దేశాల యాంటీ టెర్రర్ డెలిగేట్స్. యాభై ఎనిమిది మంది. విశాఖపట్నం నుంచి కొత్తవలస మీదుగా అరకు. స్పెషల్ ట్రైన్, అద్దాల పెట్టెలు. అరకులో జాయింట్ డిక్లరేషన్ మీద సంతకాలు. ఈ రైలు మీద కన్నేసింది గ్రే హార్బర్.”

గదిలో కుర్చీలు కదిలాయి. గ్రే హార్బర్‌కి దేశం లేదు, మతం లేదు, జెండా లేదు. ఎవరు అడిగితే వాళ్ళకి విధ్వంసం చేసిపెట్టే ముఠా. మూడు ఖండాల్లో నాలుగు వందల మందిని చంపింది.

“వాళ్ళ పద్ధతి వేరు,” అన్నారు చీఫ్. “ముందు బాంబు తయారు చెయ్యరు. బెదిరిస్తే ఆ దేశం ప్రభుత్వం ఏమేం చేస్తుందో ముందు చదువుతారు. తర్వాత దానికి తగ్గట్టు బాంబు తయారు చేస్తారు.”

ఇంత తెలివైన మాట అన్న మనిషి ఆ వెంటనే, ప్రభుత్వం ఏమేం చెయ్యబోతోందో వరసగా చదివారు. కొత్తవలస నుంచి శృంగవరపుకోట దాకా లైను మీద పనిచేసే కీమేన్లు, గ్యాంగ్‌మేన్లు నలభై ముగ్గురినీ పక్కన పెట్టడం. స్టేషన్లలో, వంతెనల దగ్గర సాయుధ దళాలు. మూడు మండలాల్లో ఫోన్లు, ఇంటర్నెట్ బంద్. రైల్లో హై పవర్ జామర్. డెలిగేట్లతో పాటు లైజన్ ఆఫీసర్‌గా ధర్మేంద్ర.

“అంతా సవ్యంగా ఉంటే మోహన. అనుమానం తగిలితే శుభపంతువరాళి. ప్రశ్నలున్నాయా?”

“రైలు ఆపాల్సి వస్తే ఏ రాగం సర్?” అంది నీలవేణి.

“ఆ అవసరం రాదు,” అన్నారు చీఫ్. వెనక వరసలో ధర్మేంద్ర చిన్నగా నవ్వాడు.

ఆ సాయంత్రమే సెల్ ఒక టెర్రరిస్టుని పట్టుకుంది.

టెర్రరిస్టు పేరు జోగయ్య. వయసు యాభై ఆరు. ఇరవై ఏడేళ్ళుగా కీమేన్. రోజూ పొద్దున్నే సుత్తి, పానా, ఎర్రజెండా, ఆకుపచ్చజెండా ఉన్న సంచి భుజాన వేసుకుని ఆరు కిలోమీటర్ల పట్టా నడిచి, వదులైన క్లిప్పు కనిపిస్తే బిగగొట్టి, మళ్ళీ వెనక్కి నడిచి రావడం అతని పని. అతని మీద సాక్ష్యాలు రెండు. ఒకటి, ప్రతిరోజూ రాత్రి భోజనాల వేళ గల్ఫ్ దేశం నుంచి ఫోను వస్తుంది. చేసేది అక్కడ వెల్డింగ్ పనికి వెళ్ళిన అల్లుడు. అల్లుళ్ళు గల్ఫ్‌లో లేని వీధి ఈ జిల్లాల్లో వెతకాలి గానీ, ఢిల్లీకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండోది అంతకంటే ఘోరం. అతని సంచిలో పది పేలుడు పదార్థాలు దొరికాయి.

అవి రైల్వేవాళ్ళే ప్రతి కీమేన్‌కీ ఇచ్చే డిటోనేటర్లు. బూటుపాలిష్ డబ్బా అంత ఉంటాయి. పట్టా మీద పెడితే చక్రం కింద నలిగి ఢామ్మని మోగి, ముందు ప్రమాదం ఉంది ఆగమని డ్రైవరుకి చెబుతాయి, అంతే. టీవీ చానళ్ళు మాత్రం వాటిని ఎర్ర గుండ్రాలు చుట్టి రెండు రోజులు చూపించాయి. అతని భార్య ఇంటి తలుపు వేసుకుని కూర్చుంది. పెట్టిన కేసుకి బెయిల్ లేదు. ఇంకోసారి బయటి వెలుతురు చూసేసరికి మనిషి బతికుంటాడో లేదో కూడా తెలియదు.

శుక్రవారం సాయంత్రం నీలవేణి శ్రీకాకుళం వెళ్ళి, కాంప్లెక్స్ సీసీ కెమెరా ఫుటేజ్‌ని పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుంది. మెసేజ్ దొరికాక ఇక ఫుటేజ్ ఎందుకని సెల్ దాన్ని అడగనే లేదు. గిరిబాబు ఎలా పోయాడో కళ్ళారా చూడాలని నీలవేణి పట్టు. పదినిమిషాలు ముందొచ్చి ఉంటే బతికేవాడేమో అని ఆవిడకి రెండు రోజులుగా నిద్ర లేదు. తీరా తెచ్చాక, రాత్రంతా కొత్తవలసలో డ్యూటీ పడి చూసే తీరిక దొరకలేదు.

శనివారం ఉదయం ఎనిమిదింబావు. కొత్తవలసలో సెల్ తాత్కాలికంగా తీసుకున్న గోదాములో, ధాన్యం బస్తాల మధ్య, సంకెళ్ళతో జోగయ్య. కాపలాకి హెడ్ కానిస్టేబుల్ అప్పలసూరి.

“మావా, కూకో,” అంది నీలవేణి. ఆ యాస విని జోగయ్య తలెత్తాడు. “నిన్ను కొట్టినారేటి?”

“కొట్నారమ్మా. కొడతారు మరి, ఆలకి సెప్పినోలు అలగ సెప్పుంటారు.” పెదవి చిట్లి ఉంది. “నాకొక్కటి సెప్పు తల్లీ. రెండ్రోజులై నా బీటు ఎవులు నడుస్తన్నారు?”

“ఏటి?”

“నా బీటమ్మా. మల్లివీడు అవతల. వానొచ్చినా, ఎండొచ్చినా, ఇంట్లో పీనుగున్నా రోజుకోపాలి ఎవుడో ఒకడు నడవాల. నిన్న ఎవులు నడిసినారు? ఇయాల?”

నీలవేణి అప్పలసూరి వైపు చూసింది. “ఎవులూ నడవలేదు మేడమ్. నలభై ముగ్గుర్నీ తీసేసినారు కదా,” అన్నాడతను. “మన జవాన్లు టేసన్ల కాడా, బ్రిడ్జీల కాడా ఉన్నారు. మద్దిలో ఎవులూ లేరు. నిన్న మాత్రం కాంట్రాక్టు కూలీలు నలుగురు పాసు సూపించి లైను మీదకెల్లినారు.”

“పాసు ఎవరిచ్చారు?”

“ధర్మేంద్ర సారు సంతకం ఉంది మేడమ్.”

నీలవేణి పెన్ డ్రైవ్ తీసి గోదాము కంప్యూటర్లో గుచ్చింది. తెర మీద గిరిబాబు. ఏడూ ముప్పై ఒకటికి తల వాలింది. ఏడూ ముప్పై ఆరుకి లినెన్ సూటు ఒకటి పక్కన వచ్చి కూర్చుంది. చచ్చిన మనిషి జేబులోంచి ఫోను తీసి, అతని వేలే దానికి ఆనించి, తీరిగ్గా ఏదో రాసింది. గిరిబాబు మెసేజ్ సెల్‌కి చేరింది ఏడూ ముప్పై ఎనిమిదికి.

నీలవేణికి కోపం కంటే ముందు సిగ్గేసింది. నాలుగైదుసార్లు కాఫీ తాగింది ఈ మనిషితోనే. గిరిబాబు కంటెయినర్ల కాగితాల్లో చూసిన పేరు ఇతనిదే అయ్యుంటుంది. పట్టాల మీద తిరిగేవాడు వాళ్ళ మనిషని ఆ మెసేజ్ రాసింది ధర్మేంద్ర. అది చదివి ప్రభుత్వం పట్టాల మీద తిరిగే మనుషుల్నే తీసేసింది. లైనంతా ఖాళీ.

నడుముకున్న వైర్‌లెస్ అందుకుంది. “ఫోర్టీన్ టు కంట్రోల్. శుభపంతువరాళి. సర్, ధర్మేంద్ర వాళ్ళ మనిషి. నా దగ్గర ఫుటేజ్ ఉంది. రైలు కొత్తవలసలోనే ఆపెయ్యండి.”

“ఫుటేజ్ పంపు.”

“ఎలా పంపను సర్? ఇంటర్నెట్ మనమే ఆపాం.”

“ఫోర్టీన్, సస్పెక్ట్ కస్టడీలో ఉన్నాడు. థ్రెట్ న్యూట్రలైజ్ అయిందని ఢిల్లీకి రాసిచ్చేశాను. పధ్నాలుగు దేశాల ముందు రైలు ఆపితే మనం భయపడ్డామని అర్థం. ధర్మేంద్ర మీద మాట అనాలంటే ఫోరెన్సిక్ రిపోర్టు ఉండాలి. సోమవారం అప్లై చెయ్యి.”

“సర్, రైలు ఇవాళ.”

“ఓవర్ అండ్ ఔట్.”

నీలవేణి నోటికొచ్చిన మాట ఇక్కడ రాయడం బాగుండదు. కంట్రోల్ మాట లేనిదే స్టేషన్లో కూడా ఆ రైలుని ఎవరూ ఆపరు. ఒక తెల్ల కాగితం తీసుకుని ‘సస్పెక్ట్‌ని సీన్ రీకన్‌స్ట్రక్షన్ కోసం తీసుకువెళుతున్నాను’ అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకంతో తన ఉద్యోగం కూడా పోవచ్చని తెలుసు. “సంకెళ్ళు తియ్యి,” అంది అప్పలసూరితో. “ముందు ప్రమాదం పెట్టిన రైల్లో ధర్మేంద్ర కూర్చోడు, ఇక్కడే దిగుతాడు. దిగితే వదలకు.”

“లేవు మావా. మన బీటుకెల్దాం. బేగి.”

జోగయ్య లేచాడు గానీ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. “నా సంచి?”

“అది ఎవిడెన్సు. సీలేసినారు,” అన్నాడు అప్పలసూరి.

“సంచి లేకుండా బీటు మీద కాలెట్టనమ్మా. ఇరవయ్యేడేళ్ళలో ఎట్టలేదు. సుత్తి లేదు, జెండా లేదు, ఒట్టి సేతుల్తో నానెల్లి ఏటి సేస్తాను? గాలికి తిరగడానికా?”

బయట టైము పరిగెడుతోంది. ఈ ముసలాడు సంచి కోసం మొండికేశాడు. నీలవేణికి చిర్రెత్తింది. అయినా బల్ల మీది సీలు పీకి, సంచి అతని భుజాన పడేసి, బైక్ స్టార్ట్ చేసింది.

పట్టా పక్కన కంకర దారిలో బైక్ ఎగిరెగిరి పడుతోంది. మల్లివీడు దాటాక, ఏడో కిలోమీటరు రాయి దగ్గర జోగయ్య ఆవిడ భుజం నొక్కాడు. “ఆపమ్మా.”

దిగి, పట్టాల మధ్యకి వెళ్ళి, ముందుకి చూశాడు. పది సెకన్లు కూడా పట్టలేదు. “అదిగో.”

నీలవేణికి కంకర తప్ప ఏమీ కనిపించలేదు.

“ఇక్కడ రెండు లైన్లమ్మా. కిరండూల్ నుంచి ఇనప రాయి లోడు బళ్ళు ఆ లైన్లో దిగతాయి. ఎర్రదుమ్మంతా ఆ కంకర మీదే పడతాది. ఈ లైన్లో ఖాళీ బళ్ళు ఎక్కుతాయి. ఈ కంకర బూడిదగుండాల. అక్కడ సూడు, నాలుగు స్లీపర్ల మేర ఎర్రగున్నాది. ఎవుడో తవ్వి, రాయి కొత్తగా కనపడకుండా ఆ లైను మీద దుమ్ము తెచ్చి దీన్నిండా సల్లినాడు.”

సముద్రాల అవతల కూర్చుని శాటిలైట్ ఫోటోలు చూసి పథకం వేసినవాళ్ళకి, కిరండూల్ లైనంటే ఎర్రగా ఉంటుందని మాత్రమే తెలిసింది. ఏ పట్టా ఎరుపో నడిచినవాడికే తెలుస్తుంది. నడిచేవాళ్ళు లేరన్న ధైర్యంతోనే వాళ్ళు ఈ పని చేశారు.

నీలవేణి బోర్లా పడుకుని నాలుగు రాళ్ళు తొలగించింది. స్లీపరు కింద బూడిద రంగు పెట్టె, దాని మీద ముప్పై సెకన్ల దగ్గర ఆగి ఉన్న టైమరు, దాని నుంచి పొదల్లోకి సన్నటి తీగ. చేతి వాచీ అంచు తిప్పింది. అది వాచీ కాదు, సిగ్నల్ మీటర్. చిన్న ముల్లు ఒకే చోట నిలకడగా ఊగుతోంది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత రాళ్ళ మీంచి చేతులు మెల్లగా తీసేసింది.

“ఇది ఎవరో నొక్కితే పేలేది కాదు మావా. ఎక్కడినుంచో దీనికి సిగ్నల్ వస్తూనే ఉంది. ఆ సిగ్నల్ ఆగితే ముప్పై సెకన్లు లెక్కపెట్టి పేలతాది. కదిపినా పేలతాది.”

“ఎందుకాగతాది?”

“రైల్లో జామర్ ఉంది. అది దగ్గరికొస్తే అర కిలోమీటరు మేర అన్ని సిగ్నళ్ళూ చచ్చిపోతాయి. ముప్పై సెకన్లకి బండి సరిగ్గా దీని మీదుంటుంది.”

గ్రే హార్బర్ మీట నొక్కడానికి మనిషిని పెట్టుకోలేదు. ఆ పని ప్రభుత్వానికే వదిలేసింది.

“ఫోర్టీన్ టు కంట్రోల్! కిలోమీటర్ సెవెన్, బాంబు కళ్ళతో చూశాను. ట్రిగ్గర్ మన జామరే. సర్, ఇక రాగాల్లేవు. రైలు ఆపండి!”

ఈసారి చీఫ్ వెంటనే పలికారు. “ట్రైన్ కొత్తవలస నుంచి బయల్దేరి రెండు నిమిషాలైంది. ధర్మేంద్ర తలనొప్పని అక్కడ దిగిపోయాడట. లోకో పైలట్‌ని పిలుస్తున్నాం, పలకడం లేదు.”

“ఎలా పలుకుతాడు సర్? జామర్ నెత్తినే పెట్టుకుని వస్తున్నాడు!”

జోగయ్య అప్పటికే బైక్ వెనక ఎక్కి కూర్చున్నాడు. సంచిలో చెయ్యి పెట్టి తడుముతున్నాడు. “రెండు కిలోమీటర్లు ఎనక్కి పోనీ. బేగి పోనియ్యమ్మా!”

పోనిచ్చింది. ఎక్కడో హారన్ వినిపించింది. జోగయ్య బైక్ ఆగకముందే దూకి, పట్టా మీద ఒక డిటోనేటర్ బిగించాడు. పది అడుగులు లెక్కపెట్టి రెండోది. ఇంకో పది లెక్కపెట్టి మూడోది. రైలు మలుపు తిరిగి కనబడుతోంది. అయినా అడుగులు లెక్కపెట్టడం మానలేదు. తర్వాత బాంబు వైపు ఓ నాలుగొందల అడుగులు పరిగెత్తి, ఎర్రజెండా విప్పి, రెండు పట్టాల నడుమ నిలబడ్డాడు.

ఢామ్. ఢామ్. ఢామ్.

బ్రేకులు కీచుమన్నాయి. అద్దాల పెట్టెల్లో పధ్నాలుగు దేశాల యాంటీ టెర్రర్ నిపుణులు సీట్ల కింద దూరారు. రైలు ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వచ్చి జోగయ్యకి నలభై అడుగుల దూరంలో ఆగింది. జామర్ అర కిలోమీటరు హద్దుకీ బాంబుకీ మధ్య మిగిలింది కిలోమీటరున్నర లోపే.

కమాండోలు రెండు పక్కలా దూకారు. వాళ్ళకి మూడు పేలుళ్ళు వినిపించాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం రెండు రోజులుగా టీవీలో చూస్తున్న ముఖమే.

“జెండా పారెయ్! చేతులు పైకెత్తు!”

జోగయ్య కదల్లేదు. “డ్రైవరు హారన్ కొట్టలేదు బాబూ,” అన్నాడు. “కొట్టీదాకా దించకూడదు.”

“లాస్ట్ వార్నింగ్!”

“కాల్చకండి! ఫోర్టీన్! సెల్!” అరుస్తూ నీలవేణి పరిగెత్తుకొచ్చింది. ఎర్రదుమ్ము కొట్టుకున్న చీర, చేతిలో పిస్టల్. ఆ రూపాన్ని ఏ కమాండో నమ్ముతాడు? ఒక తుపాకీ పేలింది. జోగయ్య కుడి భుజం ఎర్రబడింది. మనిషి తూలాడు. జెండా కుడి చేతి నుంచి ఎడమ చేతికి మారింది గానీ కింద పడలేదు.

నీలవేణి అతని ముందు నిలబడి చేతులు చాచింది. “ఇంకొకటి కాల్చాలంటే ముందు నన్ను కాల్చండ్రా!”

ఇంజన్లో లోకో పైలట్ లక్ష్ముడు నేల మీద పడుకుని ఉన్నాడు. అతన్ని కాపాడటానికని ఇద్దరు జవాన్లు మీదెక్కి తొక్కిపట్టారు. “నన్నొగ్గండి బాబూ, ఆడు మా జోగయ్యరా!” అని వాళ్ళని తన్ని, చెయ్యి చాపి మీట లాగాడు. హారన్ మోగింది.

జోగయ్య జెండా దించాడు. చుట్టి, చంకలో పెట్టుకుని, అప్పుడు చేతులు పైకెత్తాడు.

ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ రెండో పెట్టె గుమ్మంలో కమాండర్ లోపలికి తిరిగి కేక వేశాడు. “అండర్ అటాక్! జామర్ ఫుల్ పవర్! రెండు కిలోమీటర్లు క్లియర్ చెయ్యి!”

దాడి జరిగితే జామర్ బలం పెంచాలన్నది ప్రోటోకాల్. గ్రే హార్బర్ ఆ పేజీ కూడా చదివే ఉంటుంది. బాంబు ఆ రెండు కిలోమీటర్ల లోపలే ఉంది, దాని పక్కనే మల్లివీడు. ఆపరేటర్ చెయ్యి మీట మీద పడింది.

చెప్పడానికి టైము లేదు. నీలవేణి పిస్టల్ ఎత్తి, రెండో పెట్టె కప్పు మీది జామర్ యాంటెన్నా మొదట్లో నాలుగు గుళ్ళు దించింది. నిప్పురవ్వలు లేచాయి. యాంటెన్నా వంగి, పక్కకి ఒరిగి, కంకర మీద పడింది. మరుక్షణం నలుగురు కమాండోలు ఆవిడ మీద పడ్డారు. ముఖం కంకరలో కూరుకుపోయి ఉండగా ఆవిడ ఒక పేలుడు కోసం ఎదురుచూసింది.

రాలేదు. నడుముకున్న వైర్‌లెస్ ఒక్కసారి ప్రాణం వచ్చి గరగరలాడింది. “ఫోర్టీన్,” అన్నారు చీఫ్ బతిమాలుతున్నట్టు. “అక్కడ మోహనేనా?”

గంట తర్వాత బాంబు స్క్వాడ్ ఆ పెట్టెని చల్లార్చింది. నీలవేణి పెదవి మీది రక్తం తుడుచుకుంటూ కొత్తవలస స్టేషన్ బయటికి వచ్చేసరికి, ధర్మేంద్ర ఎండలో నిలబడి ఫోను ఆకాశం వైపు ఎత్తి అటూ ఇటూ తిప్పుతున్నాడు. అతని కోసం రావాల్సిన కారు ఎక్కడుందో కనుక్కుందామంటే సిగ్నల్ లేదు. మూడు మండలాల్లో ఫోన్లు ఆపినందుకు ఆ రోజు ప్రభుత్వానికి దొరికిన నేరస్తుడు అతనొక్కడే. పక్కనే అప్పలసూరి, సెలవిస్తే పట్టుకుంటానన్నట్టు నిలబడి ఉన్నాడు.

“నీలా,” నవ్వాడు ధర్మేంద్ర. “పాపం, రైలు...”

“బాగానే ఉంది. అరకు వెళ్ళిపోయింది.”

నవ్వు పోయింది. మళ్ళీ తెచ్చుకున్నాడు. “గెలిచానని సంబరపడకు. ఇవాళ్టి నుంచి మీవాళ్ళు ఇంకో నాలుగు వందల మందిని తీసేస్తారు. ఇంకో పది మండలాల్లో ఫోన్లు ఆపేస్తారు. మాకు పని తగ్గుతుంది.”

నీలవేణి చెంప పగలగొట్టింది. అది ఏ ప్రోటోకాల్‌లోనూ లేదు. అప్పలసూరి జోగయ్యకి తీసిన సంకెళ్ళే తెచ్చి వేశాడు. లినెన్ సూటు మీద ధాన్యం దుమ్ము పడింది. అతను చెప్పిన మాట అబద్ధం కాదని తెలిసి, నీలవేణికి ఆ దెబ్బ సరిపోలేదనిపించింది.

సాయంత్రం అరకులో డిక్లరేషన్ మీద సంతకాలయ్యాయి. ఉగ్రవాదంతో రాజీ లేదని పధ్నాలుగు దేశాలు పధ్నాలుగు రకాలుగా చెప్పాయి. అత్యాధునిక టెక్నాలజీ, పటిష్ఠమైన భద్రతా చర్యల వల్ల కుట్ర భగ్నమైందని మూడో పేజీలో రాశారు. యాంటెన్నా ఎందుకు విరిగిందో సంజాయిషీ ఇమ్మని నీలవేణికి మెమో వచ్చింది. జోగయ్య పేరు ఎక్కడా లేదు.

లేకపోతే పోయింది. ఉన్నచోట నుంచి తీయించడమే కష్టమైంది. టెర్రర్ లిస్టులోకి పేరు ఎక్కించడానికి ఒక మెసేజ్ సరిపోయింది. తీయాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి, ఆ కమిటీని ఇంకా వెయ్యలేదు. నీలవేణి చీఫ్ బల్ల గుద్ది అరిచింది. చివరికి ఆయన ఒక మినహాయింపు సంపాదించారు. జోగయ్య డ్యూటీ చేసుకోవచ్చు. కానీ లిస్టులో ఉన్న మనిషి కనుక, అతని నుంచి పట్టాల్ని కాపాడటానికి ఇద్దరు సాయుధ జవాన్లు వెంట ఉండాలి.

పది రోజుల తర్వాత, భుజానికి కట్టు కాస్త వదులు చెయ్యగానే జోగయ్య బీటు మీదకి వచ్చాడు. క్షమాపణ చెప్పాలని నీలవేణి మల్లివీడు దగ్గర కాచుకుని ఉంది. ఏం చెప్పాలో నాలుగుసార్లు అనుకుని మరీ వచ్చింది. దూరంగా ముగ్గురు మనుషులు వస్తున్నారు. జోగయ్య ముందు. వెనక ఒక జవాను తుపాకీ వీపున వేసుకుని సుత్తి మోస్తున్నాడు. రెండోవాడు సంచి మోస్తూ చెమటలు కక్కుతున్నాడు.

“మావా,” అని మొదలెట్టింది నీలవేణి.

“ఉండమ్మా, వస్తన్నాను,” అని జోగయ్య వెనక్కి తిరిగి జవానుని కసిరాడు. “నా మొకమేటి సూస్తావురా గుంటడా? పట్టా సూడు.”